అతిథులు వచ్చే వేళకు పొయ్యి ఆర్పివేయండి

విందు జరిగిన మర్నాడు అతిథులకు ఏమి జ్ఞాపకముంటుంది? ఎన్ని వంటకాలు వడ్డించారో లెక్క చెప్పగలిగినవారు అరుదు. ఆ ఇంటివారు తమతో కూర్చుని మాట్లాడారా, లేక సాయంత్రమంతా చెమట తుడుచుకొంటూ వంటింటి గుమ్మంలో కనిపించి మాయమయ్యారా అన్నది మాత్రం అందరికీ జ్ఞాపకముంటుంది.

మర్యాద అంటే పొయ్యి మీది నుంచి దించినది దించినట్లు వేడివేడిగా వడ్డించడమేనని మనలో చాలామంది నమ్మకం. ఉమ్మడి కుటుంబాలలో ఇది చెల్లింది. కోడళ్లు పొయ్యి దగ్గర ఉంటే అత్తగారు వసారాలో కూర్చుని వచ్చినవారి యోగక్షేమాలు కనుక్కొనేది. ఇంట్లో ఉండేదే ఇద్దరైనప్పుడు, వారిలో ఒకరు వంటింట్లో బందీ అయితే ఆతిథ్యంలో సగం పోయినట్లే. అందువల్ల తేలికగా, ముందుగా చేసి ఉంచుకోదగిన చిరుతిండ్లు శ్రమ తప్పించుకొనే ఉపాయాలు మాత్రమే కావు. అవి గృహస్థులను అతిథుల మధ్యకు తీసుకువచ్చే సాధనాలు.

బంధువులు లేని ఊరిలో

ఈ మాటలోని నిజం తెలియాలంటే ప్రోతరాపూర్ వంటి చోటును గమనించాలి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌ను ఆనుకొని, దక్షిణ అండమాన్‌లో ఉన్న నివాస ప్రాంతమిది. తెలుగువారికి ఈ దీవులు కొత్తవి కావు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, ఉద్యోగాలకు తరలివచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడ ఉన్నాయి. 2011 జనాభా లెక్కలలో అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. వారిలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం, అంటే దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరు.

అయినా విశాఖపట్టణం ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడలో వస్తే రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. మనుమరాలి పుట్టినరోజని కబురు పెడితే అమ్మమ్మ మర్నాటి బస్సులో దిగే వీలు లేదు. కాబట్టి ఆ సాయంత్రం పీటల మీద కూర్చుని అక్షింతలు వేసేది, చుట్టుపక్కల ఇళ్లవారే.

ఆ చుట్టుపక్కలవారు ఎవరు? 1858లో బ్రిటిషువారు నెలకొల్పిన శిక్షా నివాసానికి వచ్చిన ఖైదీల సంతతివారు కావచ్చు. 1918 నుంచి అడవి పనులకు రాంచీ ప్రాంతం నుంచి వచ్చిన కూలీల మనుమలు కావచ్చు. 1921 తిరుగుబాటు తరువాత మలబారు నుంచి వచ్చిన మాప్పిళ్ల కుటుంబాలవారు కావచ్చు. కాలికట్, మంజేరి, వండూరు అన్న తమ ఊళ్ల పేర్లను వారు దక్షిణ అండమాన్ పల్లెలకు పెట్టుకొన్నారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ విడిచి వచ్చిన శరణార్థుల బిడ్డలు కావచ్చు. నిన్ననే బదిలీ మీద వచ్చి దిగిన ఉద్యోగులూ కావచ్చు. ఒకే వీధిలో ఇన్ని చరిత్రలు!

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు రెండు నిమిషాల ముందు భూమి కంపించి, ఆ వెనుక సముద్రం పొంగివచ్చిన రోజున, అవతలి తీరంలోని అన్నదమ్ములు పరుగెత్తి వచ్చే వీలు లేకపోయింది. అటువంటి గడియలో తట్టగలిగేది పక్కింటి తలుపునే. ఆ తలుపు తట్టే చనువు ఆపద వచ్చిన నాడు పుట్టదు. అంతకు ముందు కలిసి కూర్చుని తిన్న ఎన్నో సాయంత్రాలలో అది కొంచెం కొంచెంగా పెరుగుతుంది. విందు అనే చిన్న విషయం వెనుక ఉన్న పెద్ద విషయం ఇదే.

సూర్యుడు తొందరపడే చోట

మన దేశపు గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. పోర్ట్‌బ్లెయిర్ సుమారు 92¾ డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క వేస్తే అక్కడ సూర్యుడు కాకినాడ రేఖకంటె 41 నిమిషాలు ముందు నడుస్తాడు. నవంబరు చివరి రోజులలో ఐదు గంటలు కొట్టకముందే అస్తమయం. వేసవిలో సైతం ఆరు గంటలకు పొద్దు వాలిపోయి ఉంటుంది.

కాబట్టి ఇక్కడ సాయంత్రపు విందుకు అతిథులు ఐదున్నరకే రావడం సహజం. భోజనం మాత్రం ఎనిమిదింటికి. మధ్యనున్న రెండున్నర గంటలే విందుకు ప్రాణం. పరిచయాలు, నవ్వులు, పాటలు అన్నీ అప్పుడే. చేతిలో చిన్న తినుబండారం ఉంటే కొత్తవారికి మాట్లాడడం సులభమవుతుంది.

ఈ సంగతిని లోకమంతా ఏనాడో గ్రహించింది. రష్యాలో భోజనానికి ముందు బల్లనిండా పెట్టే చల్లని చిరువంటకాలను జకూస్కీ అంటారు. లెబనాన్, టర్కీ దేశాలలో చిన్న చిన్న గిన్నెలలో వచ్చే మెజే ముందు గంటలకొద్దీ కూర్చుంటారు. స్పెయిన్‌వారికి తపాస్ ఉన్నాయి. ఈ పద్ధతులన్నిటిలో చాలా వంటకాలు ముందే తయారై ఉంటాయి. అతిథి వచ్చిన తరువాత పొయ్యి దగ్గర పని బహు స్వల్పం. మన నిఘంటువులలోనూ ఉపదంశమనే మాట ఉంది. నంజుకొనే పదార్థమని దాని అర్థం. మాట పాతదే, దానికి మన సాయంకాలాలలో చోటివ్వడమే చేయవలసిన పని.

ఎన్ని రకాలు, ఎంత పరిమాణం?

భోజనం ఉన్నప్పుడు మూడు రకాలు చాలు: కారంగా ఒకటి, కడుపులో కొంచెం నిలిచేది ఒకటి, తీపి ఒకటి. తరువాత భోజనం ఉన్నట్లయితే మనిషికి ఆరేడు చిన్న ముక్కలు సరిపోతాయి. చిరుతిండ్లే విందయితే పది పన్నెండు ముక్కలు లెక్క వేసుకోవాలి.

వంటకాన్ని ఎంచుకొనేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ముందుగా చేసి ఉంచితే నిలుస్తుందా? చెంచా లేకుండా చేత్తో తినవచ్చునా? దీవిలో దొరికే వస్తువుతో అవుతుందా? మూడవ ప్రశ్న ముఖ్యమైనది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పప్పుధాన్యాలు ఇక్కడికి అవతలి తీరం నుంచి ఓడలలో రావలసినవే. వాతావరణం బాగుండక ఓడ ఆలస్యమైతే ధర పెరుగుతుంది. కొబ్బరి, అరటి, కర్రపెండలం, చేప మాత్రం ఇంటి దగ్గరివి. వాటిని నమ్ముకొన్నవారికి ఓడ కోసం ఎదురు చూడవలసిన అగత్యం తక్కువ.

ఐదు సులభమైన చిరుతిండ్లు

ఇక్కడి కొలతలు పది, పన్నెండు మందికి.

ముంత మసాలా: విశాఖ సముద్రతీరంలో తిననివారుండరు. మరమరాలు పావుకిలో, వేయించిన వేరుసెనగపప్పు 150 గ్రాములు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, పచ్చిమిరపకాయలు మూడు, కొత్తిమీర, రెండు నిమ్మకాయల రసం, తగినంత ఉప్పు. ఇదే మరమరాలలో చెంచాడు పచ్చి ఆవనూనె కలిపితే బెంగాలీ అతిథికి అది తన ఊరి ఝాల్‌ముడి. రెండు గిన్నెలలో రెండు విధాలుగా కలిపి పక్కపక్కన పెట్టి చూడండి; సంభాషణ దానంతట అదే మొదలవుతుంది. దీవుల గాలిలో తేమ అధికం గనుక మరమరాలను బిగుతైన డబ్బాలో ఉంచాలి. మెత్తబడితే పొడి మూకుడులో సన్నని సెగ మీద అయిదు నిమిషాలు వేయిస్తే మళ్లీ కరకరలాడతాయి. కలపడం మాత్రం అతిథుల ఎదుటే. ముందు కలిపితే నీరుకారిపోతుంది.

శనగల సాతాళింపు: అరకిలో శనగలను ముందు రాత్రి నానబెట్టి, ఉదయం ఉప్పు వేసి ఉడికించి నీరు వంచివేయాలి. ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టాలి. కొబ్బరికోరు వడ్డించే ముందు మాత్రమే చల్లాలి. ఉల్లి, వెల్లుల్లి అవసరం లేదు కాబట్టి వ్రతంనాడైనా, ఎంత నియమం గల అతిథికైనా దీనిని పెట్టవచ్చు.

కర్రపెండలం ముక్కలు: కిలోన్నర దుంపలకు పైతొక్క, లోపలి దళసరి పొర రెండూ తీసి, వేలెడు ముక్కలుగా కోసి, ఎక్కువ నీటిలో మూత పెట్టకుండా మెత్తగా ఉడికించాలి. ఆ నీటిని తప్పక పారబోయాలి. ఈ దుంపలో సహజంగా ఉండే విషపదార్థం బాగా ఉడకడం వల్ల, నీరు వంచడం వల్ల తొలగిపోతుంది. పచ్చిగా తినరాదు, చేదుగా ఉన్న దుంపను వాడరాదు. పచ్చిమిరప, చింతపండు, ఉల్లిపాయ కలిపి నూరిన పచ్చడి దీనికి చక్కని జోడు. ఉడికించిన కప్ప, మిరప పచ్చడి కేరళవారికి చిన్ననాటి రుచి. ఇది కర్రపెండలమేనని, తమ భాషలో దానిని కప్ప అంటారని వారు చెప్పగానే పక్కనున్నవారు నవ్వకమానరు!

చేప బిళ్లలు: ముళ్లు తీసిన వంజరం లేదా సూర చేప అరకిలోను ఆవిరి మీద ఉడికించి చిదపాలి. ఉడికించిన రెండు పచ్చి అరటికాయల గుజ్జు, అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిరప, మిరియాల పొడి, ఉప్పు కలిపి చిన్న బిళ్లలుగా చేయాలి. బంగాళాదుంపల పనిని అరటికాయ నిక్షేపంగా చేస్తుంది. బిళ్లలను మధ్యాహ్నమే చేసి శీతలపేటికలో ఉంచి, అతిథులు రావడానికి అరగంట ముందు పెనం మీద కొద్ది నూనెతో రెండు వైపులా ఎర్రగా కాల్చుకోవాలి. గోరువెచ్చగా ఉన్నా రుచి తగ్గదు. ఒక హెచ్చరిక: సూర వంటి చేపలను కొన్న క్షణం నుంచి మంచులో ఉంచాలి. వెచ్చని గాలిలో వదిలితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. అది దద్దుర్లు, తలనొప్పి కలిగిస్తుంది. తరువాత ఎంత ఉడికించినా పోదు.

కొబ్బరి ఉండలు: నాలుగు గిన్నెల కొబ్బరికోరుకు రెండు గిన్నెల బెల్లం. రెండూ కలిపి అడుగంటకుండా తిప్పుతూ, ముద్ద మూకుడును వదిలే వరకు ఉడికించి, ఏలకుల పొడి వేసి, చేతికి నెయ్యి రాసుకొని గోరువెచ్చగా ఉండగానే ఉండలు చేయాలి. ముందు రోజే చేసి ఉంచుకోదగిన తీపి.

తాగడానికి అల్లం కలిపిన నిమ్మరసమో, కొబ్బరి నీళ్లో చాలు.

మరి బజ్జీల మాటేమిటి? వానాకాలపు సాయంత్రం బజ్జీలు లేని విందును ఊహించలేనివారున్నారు. వేయండి; కాని ఒకే ఒక్క వాయి, అదీ అందరూ చేరిన తరువాత. ఆ వాయి పని ఇంటి యజమానికి అప్పగించండి. చనువుగల అతిథులు ఇద్దరు పొయ్యి చుట్టూ చేరితే అదీ ఒక వేడుకే. రెండవ వాయి మొదలుపెట్టారా, ఇక ఆ సాయంత్రం మూకుడుకే అంకితం.

వండిన పదార్థాలు, ముఖ్యంగా చేప, కొబ్బరి పచ్చడి, పెరుగు కలిసినవి, ఈ వెచ్చని తేమలో రెండు గంటలకు మించి బయట ఉండరాదు. పళ్లెంలో కొంచెం కొంచెంగా పెడుతూ మిగిలినది చల్లగా ఉంచుకోవడం క్షేమం. వడ్డనకు అరటాకు ముక్కలు, ఆకు దొన్నెలు ఉపయోగించండి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలను, గ్లాసులను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. చుట్టూ సముద్రమున్న చోట చట్టం చెప్పకపోయినా పాటించవలసిన నియమమది.

ఒకే పళ్లెం, అనేక ఆచారాలు

పలు మతాల, ప్రాంతాల అతిథులు కలిసే చోట ఆహార నియమాలు సున్నితమైన విషయం. దీనికి సులభమైన మార్గం, ఐదింటిలో నాలుగు శాకాహారమే ఉంచడం. అయిదవది చేప అయితే బెంగాలీకి, మలయాళీకి, కోస్తా తెలుగువారికి కూడా ప్రీతి. ముస్లిం అతిథికి కూడా మాంసం విషయంలో కలిగే సందేహం చేప విషయంలో సాధారణంగా ఉండదు. చేప పళ్లేన్ని దూరంగా వేరే బల్ల మీద, వేరే గరిటెతో ఉంచి, ఏది ఏమిటో ముందే నోటితో చెప్పండి. అడిగి తెలుసుకోవలసిన ఇబ్బంది అతిథికి కలగరాదు. తినని పదార్థాన్ని తినమని బలవంతం చేయడం మన ఊళ్లలో ప్రేమకు గుర్తు కావచ్చు. ఇక్కడ అది ఎదుటివారికి సంకటం.

భాష కూడా ఒక ఆచారమే. నలుగురు తెలుగువారు ఒకచోట చేరితే తెలుగు పొంగిపొరలుతుంది. ఊరి జ్ఞాపకాలు, ఆవకాయ సంగతులు, పెళ్లి కబుర్లు! అంతా మధురమే. కాని పక్కన కూర్చున్న ఐదవ వ్యక్తి చిరునవ్వు అతికించుకొని గోడ గడియారం చూస్తున్నాడేమో గమనించాలి. దీవులలో అందరినీ కలిపేది హిందుస్తానీ. అది వ్యాకరణశుద్ధంగా రాకపోయినా ఫరవాలేదు. కొత్తవారిని పరిచయం చేసేటప్పుడు పేరు, ఉద్యోగంతో ఆపక, మాటకు పనికివచ్చే ఒక్క సంగతి జోడించండి: ఈయన బాగా పాడతారు, ఈమె పెరట్లో మిరియాల తీగ పెంచుతున్నారు. బిడియపడే వారికి నిమ్మకాయలు పిండే పనో, దొన్నెలు అందించే పనో ఇవ్వండి. చేతికి పని దొరికిన మనిషికి కొత్తదనం సగం పోతుంది.

ఆ రోజు గడియారం

ముందు రోజు: కొబ్బరి ఉండలు, వేరుసెనగపప్పు వేయించడం, రాత్రి శనగలు నానబెట్టడం. ఉదయం: శనగలు ఉడికించడం, పచ్చడి నూరడం, చేప తెచ్చి మంచులో ఉంచడం. మధ్యాహ్నం: చేప బిళ్లలు చేయడం, కూరలు తరగడం, రాత్రి భోజనానికి పులిహోర వంటిదేదైనా కలిపి ఉంచడం. నాలుగున్నరకు: కర్రపెండలం ఉడికించడం, చేప బిళ్లలు కాల్చడం. ఐదింటికి పొయ్యి ఆర్పివేయండి. స్నానం చేసి, మంచి చీర కట్టుకొని, పావుగంట ఊరకనే కూర్చోండి. ఆ పావుగంట విశ్రాంతి ముఖంలో కనిపిస్తుంది. అతిథికి మీరిచ్చే మొదటి మర్యాద అదే.

తిరుగు పిలుపు

ఆడంబరమైన విందులో ఒక ప్రమాదముంది. పదిహేను వంటకాలు చూసి వెళ్లిన అతిథి మిమ్మల్ని తన ఇంటికి పిలవడానికి జంకుతాడు. తానూ అంత చేయాలి కదా అన్న సంకోచం! అలా రెండిళ్ల మధ్య మొదలైన రాకపోకలు మొదటి విందుతోనే ఆగిపోతాయి. శనగల సాతాళింపు, నిమ్మరసం పెట్టిన ఇంటికి తిరుగు పిలుపు సుళువుగా వస్తుంది. ఆ పిలుపు వచ్చిందా, మీ విందు సఫలమైనట్లే. ఈ నెల మీ ఇల్లు, వచ్చే నెల వారి ఇల్లు. కొన్నాళ్లకు జ్వరం వచ్చినప్పుడు గంజి కాచి తెచ్చేవారు, మీరు ఊరికి వెళ్లినప్పుడు మొక్కలకు నీళ్లు పోసేవారు, తుఫాను హెచ్చరిక వినగానే మీ పిల్లలను కూడా తమతో లెక్కించుకొనేవారు మీ వీధిలోనే ఏర్పడతారు. ఇటువంటి అవసరం దీవులలో ఉన్నవారికే కాదు. హైదరాబాదులో పదో అంతస్తులో కాపురముంటూ ఎదురింటి తలుపు మీది పేరు తప్ప ఏమీ తెలియనివారికీ ఉంది.

అతిథులు వెళ్లేటప్పుడు గుమ్మం దాటి వీధి మలుపు వరకు వెళ్లి సాగనంపండి. వక్క అండమాన్ తోటలలో విరివిగా పండుతుంది. తమలపాకులకూ లోటు లేదు. రెండు ఆకులు, ఒక వక్క, రెండు కొబ్బరి ఉండలు పొట్లం కట్టి చేతిలో పెడితే, ఆ ఇంట్లో నిద్రపోయిన పిల్లవాడికి కూడా మీ విందులో పాలు దక్కినట్లే. పెద్ద సందర్భం కోసం ఎదురు చూడనక్కరలేదు. మీ వీధిలో ఇటీవల కొత్తగా దిగిన కుటుంబం ఏదో చూసుకొని, వచ్చే ఆదివారం సాయంత్రం వారితో పాటు మరి రెండిళ్లవారిని పిలవండి. శనగలు మాత్రం శనివారం రాత్రే నానబెట్టడం మరవకండి.